లైవ్ క్లాసు లేకుండా ఇంగ్లీషు బోధన: ఇంటి నుంచే చేయగల పనులు ఏవి?

ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పడమంటే కెమెరా ముందు కూర్చోవాల్సిందే అని చాలామంది అనుకుంటారు. చంటిపిల్లలు, వంట, పెద్దవాళ్ల మందులు చూసుకునే ఇల్లాలికి రోజూ సాయంత్రం 6 గంటలకు క్లాసు అంటే కుదరదు. కెమెరాలో కనిపించడం ఇష్టం లేనివారూ ఉంటారు. ఇలాంటివారికి లైవ్ క్లాసు అక్కర్లేని పని ఉంది. కాకపోతే అది ‘టీచర్లు కావలెను’ అనే ప్రకటనల్లో పెద్దగా కనిపించదు.

మొదలుపెట్టడానికి తేలికైనది, రాసినవి దిద్దే పని. విదేశాలకు వెళ్లాలనుకునే విద్యార్థులు ఐఈఎల్‌టీఎస్, నర్సులు ఓఈటీ పరీక్షలు రాస్తారు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో మొదటి ప్రశ్నకు కనీసం 150, రెండోదానికి 250 పదాలు రాయాలి. రెండో ప్రశ్న విలువ మొదటిదానికి రెట్టింపు. అడిగినదానికి జవాబు ఇచ్చారా, విషయం వరుసగా సాగిందా, పదజాలం ఎలా ఉంది, వ్యాకరణం ఎలా ఉంది అన్న నాలుగు లెక్కల్లో మార్కులు పడతాయి. ఓఈటీలో నర్సులు కేస్ నోట్స్ చూసి 180 నుంచి 200 పదాల ఉత్తరం రాయాలి. ఇవి దిద్దాలనుకునేవారు ముందు ఈ లెక్కలు బాగా తెలుసుకోవాలి.

తప్పు దిద్దడం వరకైతే ఇప్పుడు ఏఐ యాప్‌లు ఉచితంగానే చేసేస్తున్నాయి. డబ్బు ఇచ్చేది ఆ తప్పు ఎందుకు వచ్చిందో చెప్పినందుకు. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘డిస్కస్ అబౌట్’ ఎక్కడినుంచి వస్తాయో, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో స్కూల్ ఎందుకు ‘ఇస్కూల్’ అవుతుందో రెండు భాషలూ తెలిసిన టీచరుకు ఇట్టే అర్థమవుతుంది. మాట్లాడటం కూడా ఇలాగే నేర్పవచ్చు. విద్యార్థి వాట్సాప్‌లో రెండు నిమిషాల వాయిస్ పంపితే, పిల్లలు పడుకున్నాక విని జవాబు పంపవచ్చు.

ధర చెప్పే ముందు గడియారం పెట్టుకుని ఐదారు వ్యాసాలు దిద్ది చూడాలి. ఒక్కోదానికి 20 నిమిషాలు పడితే గంటకు మూడే. ఫైవర్ లాంటి సైట్లు సంపాదనలో 20 శాతం తీసుకుంటాయి, అదీ లెక్కలో వేసుకోవాలి.

రికార్డు చేసిన పాఠాలు మరో దారి. ముఖం చూపించకుండా స్లయిడ్లు, గొంతుతో నడపవచ్చు. అయితే డబ్బు త్వరగా రాదు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి (షార్ట్స్‌కు లెక్క వేరు). ఇంటి ఖర్చు దీనిమీదే పెట్టుకోకపోవడం మేలు.

బ్రిటిష్ కౌన్సిల్ వారి టీచింగ్ ఇంగ్లీష్ సైట్‌లో టీచర్లకు ఉచిత పాఠాలు ఉన్నాయి. విదేశీ కంపెనీలు 120 గంటల టెఫ్ల్ సర్టిఫికెట్ అడగడం మామూలే. సొంతంగా విద్యార్థులను చూసుకునేవారికి అది తప్పనిసరి కాదు.

ఇక మోసాలు. పని ఇస్తామంటూ రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ అడిగితే అక్కడే ఆపేయాలి. టైపింగ్ పని అని ఒప్పందం మీద సంతకం చేయించుకుని, తప్పులున్నాయంటూ కోర్టు నోటీసు పేరుతో డబ్బు గుంజేవాళ్లూ ఉన్నారు. భయపడి కట్టకూడదు. ‘అకడమిక్ రైటింగ్’ అని వచ్చే పనుల్లో కొన్ని విద్యార్థుల అసైన్‌మెంట్లు రాసిపెట్టడమే. అది బోధన కాదు, ఒప్పుకోకూడదు. డబ్బు పోతే మొహమాటపడకుండా వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.