విద్యాపీఠమునకు ముందు నడచిన విద్య

కృష్ణకు ఉత్తరమున, కోదాడ హుజూర్‌నగరముల సీమలో, సున్నపురాతి నేలపై వెలసిన మేళ్లచెరువు పేరు చెప్పగనే ఈ ప్రాంతమువారికి మొదట స్ఫురించునవి శంభులింగేశ్వరస్వామి ఆలయమును, మహాశివరాత్రినాడు అచట జరుగు తిరునాళ్లును; ఆ పిమ్మట, నేటి తరమువారికి, రాత్రింబవళ్లు నడచు సిమెంటు కర్మాగారములును. విద్యాచరిత్ర వ్రాయువారెవ్వరును ఈ గ్రామసీమను తలచినట్లు కానరాదు. విద్య, యువజనాభ్యుదయము, సమాజము అను మూడింటిని ఒక్క పాఠ్యక్రమముగా గూర్చి నేటి విశ్వవిద్యాలయములు బోధించుచున్నవి గదా! ఆ మూడింటికి గల సంబంధమును ఈ పల్లెలు ఏ విశ్వవిద్యాలయపు గడపయు తొక్కకమునుపే కనుగొన్నవనుటయే నేనిచట చెప్పదలచినది.

నైజాము ఏలుబడిలో మేళ్లచెరువు నల్లగొండ జిల్లాలోనిది. సర్కారు బడులు తహతానియా, వుస్తానియా, ఫౌఖానియా అని మూడు మెట్లుగా నుండెడివి. మెట్టెక్కినకొలది తెలుగు సన్నగిల్లి ఉర్దూ బలపడుచుండెడిది. ఆ బడులును తాలూకా కేంద్రములలోనేగాని పల్లెలలో అరుదు. పల్లెకు దిక్కు వీథిబడి. అరుగుమీదనో, చావడిలోనో కూర్చుండి, ఇసుకలో అక్షరములు దిద్దించి, ఎక్కములు, శతకపద్యములు, పెద్దబాలశిక్ష వల్లె వేయించి, కాపులిచ్చు గింజలతోడను దసరా మామూళ్లతోడను కాలము గడపుకొను పంతులే ఆ బడికి సర్వాధికారి. 1920ల నాటికి, సర్కారువారి అనుమతి లేనిదే ఎవ్వరును ఖాన్గీ (ప్రైవేటు) బడి నడపరాదని నిబంధన వచ్చుటచే, ఉన్న ఆ కొద్దిపాటి విద్యకు సైతము సంకెల పడెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ అను ఒక భారతీయ భాషలో ఉన్నత శాస్త్రములనెల్ల బోధింపబూనుట సామాన్యమైన సాహసము కాదు. దాని అనువాదశాలయగు దారుత్తర్జుమా పండితుల కృషిని నేను మనసార గౌరవింతును. కాని ఆ భాష ఈ సీమలోని రైతుబిడ్డకు ఇంటిభాష కాదు. బడి లేమి ఒక గోడ, పరభాష రెండవ గోడ. ఆ రెండు గోడల కావల నుండెను విశ్వవిద్యాలయము.

అయిన నీ సీమకు చేరువనే మరియొక ద్వారము తెరువబడి యుండెను. కోదాడ ప్రక్కనున్న మునగాల పరగణా, నలుదెసల నైజాము రాజ్యము చుట్టుకొని యున్నను, తాను మాత్రము ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాకు చెంది యుండెను. నడిగూడెము కోట యందుండి దాని నేలిన రాజా నాయని వేంకటరంగారావుగారి కడ దివానుగా నుండినవాడు కొమర్రాజు లక్ష్మణరావు. 1877లో పెనుగంచిప్రోలున జన్మించి, నాగపురమున చదివి, ఎం.ఏ. పట్టము పొంది, మహారాష్ట్రులు తమ భాషలో చరిత్రరచన చేయు తీరును కన్నులార గాంచి వచ్చిన ఆ మహనీయుడు, జమీను లెక్కలు చూచుకొనుచునే, జాతికి విద్య గరపుటకు పాఠశాలలే మార్గము కాదని నిశ్చయించెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1906లో విజ్ఞానచంద్రికా మండలి: వీని వెనుక మునగాల రాజావారి విత్తమును, రావిచెట్టు రంగారావుగారి ఔదార్యమును, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి దీక్షయు నుండగా, వానికి ప్రాణము లక్ష్మణరావుగారు.

మండలి వెలువరించిన గ్రంథముల వరుసను చూచినవారికి ఆశ్చర్యము కలుగక మానదు. హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రతో నారంభించి, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, లక్ష్మణరావుగారి హిందూమహాయుగము, మహమ్మదీయ మహాయుగము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము, ఇంకను పదార్థవిజ్ఞానము, రసాయనము, అర్థశాస్త్రము—ఇది కథల పుస్తకముల పట్టిక కాదు, ఒక విశ్వవిద్యాలయపు శాఖల పట్టిక. ఒక దాస్యవిమోచకుని జీవితమును తెలుగు యువకుని చేత నుంచుటతో గ్రంథమాల మొదలగుట యాదృచ్ఛికమని నేననుకొనను. అర్థశాస్త్రము వ్రాసిన కట్టమంచి రామలింగారెడ్డిగారే 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమ ఉపకులపతి యైరి.

ఇచట దాచరాని విషయ మొకటి కలదు. ఇంతటి విజ్ఞానపోషణ చేసిన ఆ జమీనులోనే రైతులును కూలివారును వెట్టి చాకిరితో నలిగి, 1930లలో జమీందారీకి ఎదురు తిరిగి గొప్ప ఉద్యమము నడపిరి. రాజావారి దాతృత్వము సత్యము. పరగణాలోని వెట్టియు సత్యము. విద్యకు సమాజముతో గల సంబంధము నధ్యయనము చేయువారు ఈ రెండు సత్యములను ఒక్కచోట నుంచి చూడవలెను.

నైజాము పల్లెలలో పాఠశాలల వెలుపలి ఆ విద్య, తెలుగువారి సంస్థయగు ఆంధ్రమహాసభ రూపమున ప్రవేశించెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను, 1931లో మన నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణరావుగారి అధ్యక్షతను జరిగిన సభలు మాతృభాషలో ప్రాథమిక విద్య కావలెనని కోరినవి. జోగిపేటలోనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళాసభయు జరిగినది. పల్లెప్రజలు మహాసభను ‘సంగము’ అని పిలిచికొనిరి. సంగము నడచిన గ్రామములలో రాత్రిబడి దీపముక్రింద పత్రిక చదివి వినిపించుటయు, వెట్టి చేయనని దొరకు చెప్ప నేర్పుటయు ఒక్క పాఠమే అయ్యెను. 1938లో ఉస్మానియా వసతిగృహముల విద్యార్థులు వందేమాతరము పాడి బహిష్కృతులై నాగపురమునకు పోయి చదువుకొనినప్పుడు, యువకుల పెంపును సమాజపు గతినుండి వేరుచేయ యత్నించిన విద్యాపీఠము తానే ఓడిపోయెను.

స్వాతంత్ర్యము పిదప విద్యాపీఠములు మెల్లగ పల్లెవైపు తిరిగినవి. రాధాకృష్ణపండితుని అధ్యక్షతను 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము గ్రామీణ విశ్వవిద్యాలయములు ఆవశ్యకములని చెప్పెను. 1967 ఆగష్టులో నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలిన తరువాత కోదాడ, హుజూర్‌నగరము, మిర్యాలగూడ సీమలు మాగాణములై, వరిపంట చూచిన తండ్రి బిడ్డను కళాశాలకు పంపగలిగెను. గాంధీ శతజయంతి సంవత్సరమగు 1969లో 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవా పథకము మొదలాయెను. రెండేండ్లలో 240 గంటల సేవ, ఒక గ్రామమున శిబిరవాసము—చదువుకొను యువకుడు ఊరును కన్నులార చూడవలెనని నియమించిన వ్యవస్థ యది. 1971లో పి.వి. నరసింహారావుగారు నాటి నల్లగొండ జిల్లాలోని సర్వేలున గురుకుల పాఠశాలను నెలకొల్పిరి.

వీనియన్నిటిలో నాకు మిక్కిలి ప్రీతికరమైనది 1982లో హైదరాబాదున నేర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. దేశమున అదియే ప్రథమము. జి. రాంరెడ్డిగారు దాని తొలి ఉపకులపతి. ఇంటర్మీడియెటు లేనివానికి అర్హతాపరీక్ష పెట్టి, తెలుగున పాఠములు అచ్చువేసి ఇంటికి పంపి, ఊరూర నున్న కళాశాలలలోనే ఆదివారము తరగతులు జరిపి, బస్సు కండక్టరునకు, అంగన్‌వాడీ కార్యకర్తకు, గని కూలికి పట్టము నందుకొను దారి చూపిన ఆ సంస్థకు పిదప అంబేద్కరు మహాశయుని పేరిడిరి. తెలుగున శాస్త్రగ్రంథములు చదువరి చేతికే పంపుట లక్ష్మణరావుగారి యుపాయమే; 1906లో చందాదారులు చేసిన పనిని 1982లో రాజ్యము చేసినది.

2007లో నల్లగొండలో మహాత్మాగాంధి విశ్వవిద్యాలయము వెలసినది. విద్యాశాస్త్రము చదువు మన యువకులు పాశ్చాత్య విద్యావేత్తల సిద్ధాంతములను నేర్తురు, నేర్వవలసినదే. అంతతో నాగక, సెలవులలో నడిగూడెము కోటను చూచి, మునగాల పరగణా గ్రామములలో వెట్టి నాటి కుటుంబముల వృద్ధుల మాటలు వ్రాసికొని, మేళ్లచెరువున ఏ వీథి యరుగున బడి నడచెనో, తొలుత ఏ యింటి ఆడపిల్ల హైస్కూలు ముఖము చూచెనో విచారించి, ఆ వ్రాతలను తమ పరీక్షావ్యాసములుగా సమర్పింపవలెనని, ఆచార్యులు వానికి మార్కులిచ్చి గ్రంథాలయమున భద్రపరుపవలెనని నా కోరిక. ఆ వృద్ధులలో మిగిలినవారు కొద్దిమంది.