సైనిక శిక్షణకు ముందు ఆటల అనుభవం: పశ్చిమ ప్రకాశం

శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కే ముందు వచ్చే కూడలి ఊరు పెద్దదోర్నాల. ఆ ఊరున్న పశ్చిమ ప్రకాశంలో వానను నమ్ముకుని సేద్యం చేసే మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల కుటుంబాలకు సైన్యంలో కొలువంటే నెలనెలా చేతికందే జీతం. ఇక్కడి యువకులు గుంటూరు సైనిక నియామక కార్యాలయం పరిధిలోకి వస్తారు. వారి నోట ‘ఈవెంట్స్’ (దేహదారుఢ్య పరీక్షలు) అంటే ముందుగా పరుగే.

2022లో సైనిక నియామక పథకం అగ్నిపథ్ మొదలైనప్పటి ర్యాలీల్లో 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే 60 మార్కులు, 10 పుల్ అప్స్ తీస్తే 40. తొమ్మిదడుగుల గొయ్యి దూకడం, వంకర బీమ్ మీద నడవడం అర్హతకు మాత్రమే. అందుకే చాలామంది తారు రోడ్డు మీద ఆ ఒక్క దూరాన్నే సాధన చేస్తారు. ఎంపికకు అది చాలవచ్చు. శిక్షణ వేరు: బూట్లు, ఆయుధం, వీపున బరువు, కవాతులో రోజూ మడమల దెబ్బలు, తాడు ఎక్కడం.

కొత్తగా చేరినవారిని ఎక్కువగా బాధించే గాయాల్లో ఒకటి ముంగాలి ఎముకలో వచ్చే సన్నని పగులు. ఇజ్రాయెల్ పదాతి దళంపై చార్లెస్ మిల్‌గ్రోమ్ బృందం 2000లో ప్రచురించిన అధ్యయనం ఇలాంటి పగుళ్లనే పరిశీలించింది. కొత్త సైనికుల ఒక బృందంలో, చేరకముందు కనీసం రెండేళ్లు బంతి ఆటలు, ముఖ్యంగా బాస్కెట్‌బాల్ ఆడినవారిలో 13.2 శాతం మందికే పగుళ్లు వచ్చాయి, ఆడనివారిలో 28.9 శాతం. ముందుగా చేసిన పరుగు మాత్రం ఈ తేడా చూపలేదు.

కారణం ఎముక స్వభావంలోనే ఉంది. అన్ని దిక్కుల నుంచి దెబ్బ తగిలితే ఎముక ఆ మేరకు గట్టిపడుతుంది. ఒకే తీరున సాగే పరుగు ఆ పని అంతగా చేయదు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు బోనస్ గీత దగ్గర ఒంటికాలిపై ఆగి, పక్కకు తిరిగి, దూకి వెనక్కి వస్తాడు. వాలీబాల్‌లో నెట్ దగ్గర ఎగిరి దిగడమూ అలాంటిదే. పల్లెల్లో ఏళ్లుగా ఉన్న ఈ ఆటలను రన్నింగ్ సాధన కోసం వదిలేయడం పొరపాటు.

అయితే కబడ్డీ ఒక్కటే అన్నీ ఇవ్వదు. కూత గడువు 30 సెకన్లు. సైన్యపు యుద్ధ సామర్థ్య పరీక్షలో ఏళ్లుగా 5 కిలోమీటర్లు బరువుతో పరుగెత్తిస్తూ వచ్చారు. బరువైన డిఫెండర్‌కు పుల్ అప్స్ కష్టం. ఏ సాధన చేసినా, ముంగాలిపై ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి పుడితే పరుగు ఆపి వైద్యుడికి చూపించాలి.

అగ్నిపథ్ కింద చేరే అగ్నివీర్‌కు కనీస వయసు పదిహేడున్నరేళ్లు. రెండేళ్ల ఆట కావాలంటే తొమ్మిది, పదో తరగతుల్లోనే మొదలవ్వాలి. అందుకు బడికి మైదానం, పీఈటీ మాస్టారు ఉండాలి.