కట్టెతో మొదలయ్యే ఆట: వెయిట్‌లిఫ్టింగ్ మన దగ్గర ఎవరు ఎవరికి నేర్పిన్రు?

మూడు వారాలు ఎపిసోడ్ రాలేదు, కారణం నా నడుము.

ఫోన్‌ల వీడియోలు చూసుకుంట స్నాచ్ నేర్చుకుందామనుకున్న. బీటెక్ చదివినోనికి ఏదైనా వీడియో చూస్తే వచ్చేస్తదని ఒక నమ్మకం ఉంటది కదా. హైదరాబాద్‌ల ఒక జిమ్ముల 40 కిలోలు లేపంగ నడుము పట్టేసింది. మా ఊరు మర్రిగూడకు పోయి మంచంల పండుకుంటే అమ్మ అడిగిన మొదటి మాట, "నీళ్ల నొప్పులా బిడ్డా?"

బయటోళ్లకు ఇది అర్థం కాదు. తాగే నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉండొద్దు. మా దిక్కు బోర్లల్ల అంతకంటే ఎక్కువున్న నీళ్లే తరతరాలు తాగిన్రు. అది ఎముకల్ల పేరుకుంటది. వెన్ను కట్టె లెక్క బిగుసుకుపోతది, మోకాళ్లు వంకర పోతయి. మా మండలంలోని శివన్నగూడెం అంశల స్వామి 2023ల చనిపోయేదాక ఈ నీళ్ల గురించే కొట్లాడిండు. అందుకే మా ఊళ్లె నడుము నొప్పంటే నవ్వే ముచ్చట కాదు. ఎక్స్‌రే తీస్తే ఎముక మంచిగనే ఉంది, కండరం పట్టింది అంతే. తప్పు నాదే.

తర్వాత ఒక కోచ్ దగ్గర చేరిన. మొదటి నెల బరువే ఇయ్యలేదు. చేతిల ఒక ప్లాస్టిక్ పైపు పెట్టిండు. "ఇది లేపు." లేపిన. "తప్పు. మళ్ల." కోడ్ రివ్యూలల్ల కూడా అన్ని రిజెక్షన్లు చూడలే నేను. ఆ నెలల్నే నాకు ఈ ప్రశ్న వచ్చింది: మన తెలుగోళ్లకు ఈ ఆట ఎవరు నేర్పిన్రు?

ముందు ఒక చిన్న కథ. 1896, ఏథెన్స్, మొదటి ఆధునిక ఒలింపిక్స్. రెండు చేతుల లిఫ్ట్‌లో డెన్మార్క్ మనిషి విగ్గో జెన్సెన్, బ్రిటన్ మనిషి లాన్సెస్టన్ ఇలియట్ ఇద్దరూ 111.5 కిలోలు ఎత్తారు. సమానమే. కానీ జెన్సెన్ ఎత్తిన తీరు బాగుందని మొదటి స్థానం ఆయనకిచ్చారు. అంటే మొదటి రోజునే ఈ ఆటలో "ఎంత" సరిపోలేదు, "ఎట్ల" అనేదే తీర్పు చెప్పింది.

మన దగ్గర అప్పటికి బలమంటే ప్రదర్శన. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు గొలుసులు తెంచారు, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నారు, జనం కలియుగ భీముడన్నారు. మనం మర్చిపోయేది ఇంకొకటుంది: ఆయన మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ విద్య చదివి వచ్చి విజయనగరంలో పిల్లలకు నేర్పిన టీచర్ కూడా. పోస్టర్ల మీద ఏనుగు ఉంటుంది, టీచర్ ఉండడు.

ఇక బార్ దగ్గరికొస్తే దండమూడి రాజగోపాలరావు గారు. కృష్ణా జిల్లా గండిగుంట. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం. 'నర్తనశాల'లో భీముడు ఈయనే. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఉన్నది ఈయన పేరే. అప్పట్లో మూడు లిఫ్టులు: ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జర్క్. ప్రెస్ అంటే భుజాల దగ్గర నుంచి చేతుల బలంతోనే పైకి తొయ్యడం. రాను రాను లిఫ్టర్లు నడుము వెనక్కి విల్లులా వంచి తొయ్యడం మొదలుపెట్టారు. ఏది సరైన ప్రెస్సో జడ్జిలకు తేల్చడం కష్టమైంది, నడుములకూ ముప్పే. 1972 మ్యూనిక్ తర్వాత ప్రెస్ తీసేశారు. మిగిలిన రెండూ బలం కంటే టైమింగ్ ఎక్కువ అడిగేవి.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే నాకు నడుము పట్టింది ఇక్కడే. స్నాచ్ అంటే బరువును నెత్తి మీదికి గుంజుడు అనుకున్న నేను. కాదు. కాళ్లతో నేలను తొక్కుతావు, బార్ ఒంటికి దగ్గరగా మోకాళ్లు దాటి వస్తుంది, అప్పుడు తుంటి విప్పుతావు. బార్‌కు ఊపు వస్తుంది. ఆ రెప్పపాటులో బరువు కిందికి నువ్వే దిగి, గొంతుకూర్చొని పట్టుకుంటావు. బార్ ఒంటికి దూరం పోతే ఆ బరువంతా నడుము మీదనే. నీ బార్ దూరం పోతుందని నీకు తెల్వదు. పక్కనున్నోనికి తెలుస్తది. కోచ్ ఉండేది అందుకే.

ఇప్పుడు ఊసవానిపేట. శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస పక్కన చిన్న ఊరు. అక్కడ నీలంశెట్టి అప్పన్న గారనే కోచ్ ఊరి పిల్లలకు బార్ పట్టడం నేర్పేవారు. అక్కలు ప్రాక్టీస్ చేస్తుంటే చూసి కరణం మల్లీశ్వరి కూడా వెళ్తే, బక్కగా ఉన్నావు, ఇంట్లో అమ్మకు సాయం చెయ్యి పో అన్నారట మొదట. తల్లి వెనక నిలబడింది, పన్నెండేళ్ల వయసులో పిల్ల మళ్లీ వెళ్లింది. నాకు నచ్చేదేంటంటే, పంపించేసిన ఆయనే తర్వాత ఆమెకు గురువయ్యారు.

మహిళలకు మొదటి ప్రపంచ పోటీలు జరిగిందే 1987లో. మల్లీశ్వరి ఊళ్లో మొదలుపెట్టిందీ ఆ రోజుల్లోనే. అంటే ఆడపిల్లకు ఈ ఆటలో ముందు దారి ఉంటుందో లేదో ఎవరికీ తెలియనప్పుడే ఒక పల్లెటూరి కోచ్ నేర్పాడు. 1990లో అక్కతో పాటు జాతీయ క్యాంపుకు వెళ్తే లియోనిద్ తరనెంకో కంట్లో పడింది. ఈయన 1980 మాస్కో ఒలింపిక్ చాంపియన్, 1988లో 266 కిలోలు క్లీన్ అండ్ జర్క్ చేసిన మనిషి. 1994, 1995లో మల్లీశ్వరి ప్రపంచ చాంపియన్.

2000 సెప్టెంబర్ 19, సిడ్నీ. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ అదే మొదటిసారి. 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ 130, మొత్తం 240. చివరి ప్రయత్నానికి 137.5 పెట్టించారు, లేవలేదు. కాంస్యం. చైనా, హంగేరీ లిఫ్టర్లు ఇద్దరూ 242.5; ఒంటి బరువు తక్కువని బంగారం చైనా అమ్మాయికి. కాగితం మీద లెక్కేస్తే 135 లేపినా 245, బంగారమే. అందుకే ఆ 137.5 మీద వాదన ఇప్పటికీ నడుస్తది. కుర్చీల కూసొని చెప్పుడు అల్కగనే ఉంటది. ఏదేమైనా, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె.

తర్వాత తరంలో స్టువర్టుపురం రాగాల వెంకట్ రాహుల్. 2018 కామన్వెల్త్‌లో 85 కిలోల విభాగంలో 338 కిలోలు, బంగారం. బ్రిటిషోళ్లు మొత్తం జాతికే నేరస్థుల ముద్ర వేసి సెటిల్‌మెంట్ పెట్టిన ఊరు అది. ఆ పిల్లగాడు నేర్చుకున్నది మాత్రం హైదరాబాద్ పక్కన హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌ల. దాని మీద వేరే ఎపిసోడే చెయ్యాలె.

మరి మా మర్రిగూడ? మా దిక్కు ఊళ్లల్ల హనుమాండ్ల గుడి ముంగట గుండు ఉంటది కదా, వయసు పిలగాండ్లు పందెం కాసి ఎత్తేది. మా తాత దాన్ని భుజం దాక ఎత్తిండట. నేను చూసిన తాత మాత్రం మంచంల నుంచి లేవాలంటే కట్టె పట్టుకునేటోడు. బలం ఎవ్వలకు తక్కువ లేకుండె. గుండు దగ్గర "నడుము నిలబెట్టు, దగ్గరికి తీసుకో" అని చెప్పెటోళ్లు లేరు, నీళ్లు చూసుకునేటోళ్లు అసలే లేరు.

మొన్న దసరాకు ఊరికి పోయినప్పుడు పాత బోరు పైపు ముక్కలు కోసి తమ్ముళ్లు నలుగురికి ఇచ్చిన. ఒక్కడు మంచిగ కూసుండి నడుము సక్కగ పెట్టిండు. మిగిలిన ముగ్గురు "అన్నా, బరువు ఎప్పుడిస్తవ్?" అన్నరు. నేను నేర్పే అంత మనిషిని కాదు, మీకు తెలుసు. సంక్రాంతికి మా కోచ్ సార్‌ను ఊరికి రమ్మని అడిగిన, వస్తనన్నడు. పైపులు మాత్రం మీరే తెచ్చుకోండ్రి అన్నడు.