ఇంట్లోనే నయమైన క్షయ

క్షయరోగికి శానటోరియంలో మంచం, పాలు, గుడ్లు, విశ్రాంతి లేనిదే ప్రాణం నిలవదని ఒకప్పుడు వైద్యులమూ నమ్మేవాళ్లం. మదనపల్లె ఆరోగ్యవరం పేరు మీ పెద్దలు వినే ఉంటారు. కానీ పేద దేశంలో అందరికీ మంచాలెక్కడివి?

1956లో మద్రాసులో ప్రారంభమైన పరిశోధన ఈ ప్రశ్ననే పరీక్షించింది. పేద రోగులను చీటీలు తీసినట్లు రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గాన్ని శానటోరియంలోనూ, మరొక వర్గాన్ని ఇంటివద్దనూ ఉంచారు. ఉభయులకూ ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ మందులిచ్చారు. ఇంటివద్ద తిండి తక్కువ, పని ఎక్కువ, గది ఇరుకు. అయినా 1959లో వెలువడిన ఫలితాల ప్రకారం వారూ దాదాపు సమానంగానే కోలుకున్నారు. ఇంటిల్లిపాదికీ అదనపు ముప్పు కలగలేదు.

కనుక మీ ఇంట క్షయరోగి ఉంటే వెలివేయకండి. దగ్గు తగ్గిందని మధ్యలో మందు మాననివ్వకండి.