గ్లోబర్ ఉప్పు

మా తాత వరంగల్ ఆజంజాహి మిల్లులో బట్టకి రంగులేసే సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన చెప్పిన మిల్లు కబుర్లలో నాకు బాగా గుర్తుండిపోయింది ‘గ్లోబర్ ఉప్పు’. ఎండాకాలం వస్తే గోదాములో ఆ బస్తాలు ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే తడిసిపోయేవట. "ఉప్పుకే చెమటలు పట్టేది బిడ్డా, ఇగ మా సంగతేం జెప్పాలె" అనేవాడు. నేనేమో అది ‘గ్లోబల్’ అనుకుని, ఏదో ఫారిన్ సరుకు కాబోలు అనుకునేవాణ్ణి.

ఇంజినీరింగ్‌కి వచ్చాక సోడియం సల్ఫేట్ గురించి ఒకే ఒక్క వాక్యం చదివాను. ఉపయోగాలు: కాగితం, గాజు, వస్త్రాలు, సబ్బు పొడి. బట్టీ కొట్టాను, పరీక్షలో రాశాను, మర్చిపోయాను. తాత ఉప్పూ ఇదీ ఒకటేనని చాలా ఏళ్ళకి గానీ నా బుర్రకి ఎక్కలేదు. అప్పటికి తాత లేడు.

ఇంతకీ ఆ పేరు గ్లాబర్ సాల్ట్. యోహాన్ రుడాల్ఫ్ గ్లాబర్ (1604-1670) అనే జర్మన్ రసాయనవేత్త దీన్ని ‘అద్భుత లవణం’ అని పొగిడాడు. అప్పట్లో దాని ముఖ్యమైన అద్భుతం ఏంటంటే... విరేచనాల మందు! స్ఫటికంలో ఒక్కో సోడియం సల్ఫేట్‌కి పది నీటి అణువులు అతుక్కుని ఉంటాయి. అంటే బరువులో సగానికి పైగా నీళ్ళే. దాదాపు 32.4 డిగ్రీలు దాటితే ఆ నీళ్ళు విడిపోయి, ఉప్పు తన నీటిలో తనే కరగడం మొదలెడుతుంది. మన వరంగల్ ఎండాకాలం సంగతి మీకు తెలిసిందేగా. తాత చూసిన చెమట ఇదన్నమాట. పుస్తకంలో నేను చదవని విషయం ఆయన గోదాములో నిలబడి చూశాడు.

మరి రంగులకి ఉప్పెందుకు? పత్తి దారం నీళ్ళల్లో ఋణావేశం తీసుకుంటుంది. నూలుకి వాడే డైరెక్ట్, రియాక్టివ్ రంగుల అణువులకీ నీళ్ళల్లో ఋణావేశమే. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఉప్పు వేస్తే సోడియం అయాన్లు మధ్యలో దూరి ఆ తోపులాట తగ్గిస్తాయి, రంగు వెళ్ళి దారాన్ని పట్టుకుంటుంది. ఉప్పు మాత్రం బట్టలో ఉండిపోదు. పని చేసిపెట్టి నీళ్ళతో పాటు బయటికి పోతుంది. దీని సంగతి మళ్ళీ చెప్తాను.

ఆజంజాహి మిల్లు 1934లో నిజాం కాలంలో వచ్చింది. ఏడో నిజాం పెద్దకొడుకు ఆజం జా పేరే పెట్టారు. 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కిందకి వెళ్ళింది. 2002లో మూతపడింది. స్థలంలో చాలా భాగం ప్లాట్లయ్యింది. మా తరానికి అది మిల్లు కాదు, ఒక ఏరియా పేరు మాత్రమే.

ఇది ఒక్క మిల్లు కథే అనుకుంటే పొరపాటు. అప్పటి మన జిల్లాలోనే, గోదావరి ఒడ్డున, మంగపేట మండలం కమలాపురంలో ఇంకో ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడది ములుగు జిల్లా. ఏపీ రేయాన్స్‌గా మొదలై, తర్వాత బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్, అంటే బిల్ట్ చేతికి వచ్చింది. కర్ర నుంచి రేయాన్‌కి పనికొచ్చే గుజ్జు తీసేవాళ్ళు. ఆ గుజ్జు తీసే పద్ధతి పేరేంటో తెలుసా? సల్ఫేట్ ప్రక్రియ!

దాన్ని 1879లో డాన్‌జిగ్‌లో (ఇప్పటి పోలండ్‌లోని గ్డాన్‌స్క్) కార్ల్ డాల్ కనిపెట్టాడు. కర్రని ఉడికించే సోడా ఖరీదెక్కువ, కొంత ప్రతిసారీ నష్టమవుతుంది. ఆ లోటు పూడ్చడానికి ఆయన చవకైన సోడియం సల్ఫేట్ వేసి చూశాడు. వాడేసిన నల్లటి ద్రావణాన్ని బాయిలర్‌లో కాలిస్తే సల్ఫేట్ కాస్తా సోడియం సల్ఫైడ్‌గా మారి, కర్రలోని లిగ్నిన్‌ని ఇంకా బాగా ఊడగొట్టింది. గుజ్జు గట్టిగా వచ్చింది. జర్మన్‌లో బలాన్ని ‘క్రాఫ్ట్’ అంటారు, క్రాఫ్ట్ పేపర్ పేరు అక్కణ్ణించే. ఇలాంటి మిల్లుల చుట్టూ వచ్చే కుళ్ళిన క్యాబేజీ వాసన కూడా ఆ గంధకం పుణ్యమే.

అసలు తమాషా ఇక్కడుంది. ఈ గుజ్జుని విస్కోస్ ఫ్యాక్టరీలో కాస్టిక్ సోడాతో ద్రావణం చేసి, సల్ఫ్యూరిక్ ఆమ్లం తొట్టిలోకి సన్నటి ధారలుగా వదిలితే దారమవుతుంది. సోడా, ఆమ్లం కలిస్తే ఏమొస్తుంది? మళ్ళీ సోడియం సల్ఫేటే! ఒక చోట లోపలికి వెళ్ళే ఉప్పు, ఇంకో చోట బయటికి వచ్చే ఉప్పు. మధ్యలో దారం.

కానీ ఈ గొలుసులో కమలాపురం ఒక కొస మాత్రమే. రేయాన్ గుజ్జు కాగితంలా ఊరూరా అమ్ముడయ్యే సరుకు కాదు. కొనేది విస్కోస్ కంపెనీలే, వాటిల్లో పెద్దది గ్రాసిమ్. ఇక్కడ కర్ర ఖర్చు పెరిగి, బయటి దేశాల గుజ్జు చవకైతే ఏమవుతుంది? 2014లో కమలాపురంలో ఉత్పత్తి ఆగిపోయింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని డిపెండెన్సీ అంటాం. మాకైతే ఆ లైబ్రరీ పోతే ఇంకోటి వెతుక్కుంటాం. ఫ్యాక్టరీని నమ్ముకుని ఇల్లు కట్టుకున్నవాడు ఏం వెతుక్కుంటాడు? తాత ‘గ్లోబర్’ అన్నదాన్ని నేను ‘గ్లోబల్’ అనుకోవడం మరీ అంత తప్పేం కాదేమో.

వరంగల్ చరిత్ర అనగానే మనకి వేయిస్తంభాల గుడి, కోట, రుద్రమదేవి. గర్వపడాల్సిందే, కాదనను. కానీ వేల కుటుంబాలకి అన్నం పెట్టిన మిల్లుల చరిత్ర మన పుస్తకాల్లో మూత పడిన తేదీతో సరి. లోపలికి ఏ సరుకు వచ్చింది, ఏ నీళ్ళు ఎటు పోయాయి, ఎవరు కొన్నారు... ఇవి రాసుకోకపోతే రేపు అదే తప్పు మళ్ళీ చేస్తాం.

రేపు అని ఎందుకన్నానంటే, 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకి శంకుస్థాపన జరిగింది. గీసుగొండ, సంగెం వైపు. మంచిదే. ఇందాక వాయిదా వేసిన ఉప్పు నీళ్ళ సంగతి ఇక్కడ కావాలి. రంగుని విరగ్గొట్టొచ్చు గానీ కరిగిన ఉప్పు మామూలు శుద్ధికి లొంగదు. వడపోసి, ఆవిరి చేసి తియ్యాల్సిందే, ఖర్చవుతుంది. తమిళనాడు తిరుప్పూర్‌లో నొయ్యల్ నది ఇలాగే పాడైతే, 2011లో మద్రాస్ హైకోర్టు రంగుల యూనిట్లని మూయించింది. పార్కు కావాలనేవాళ్ళలో నేనూ ఒకణ్ణే. అందుకే ఎన్ని ఉద్యోగాలు అని అడిగినప్పుడే, ఉప్పు ఎటు పోతుంది, సరుకు కొనేవాళ్ళు ఎంతమంది అని కూడా అడుగుదామంటున్నాను.

మీ ఇంట్లో ఆజంజాహిలోనో కమలాపురంలోనో పనిచేసినవాళ్ళుంటే పక్కన కూర్చుని, ఏ సెక్షన్, ఏం చేసేవాళ్ళు అని అడిగి రాసిపెట్టుకోండి. నేను మా తాతని అడగలేదు. బస్తాలు తడిసిపోతే తర్వాత ఏం చేసేవాళ్ళో నాకిప్పటికీ తెలియదు.