ప్రేక్షకుడు చేసే పని

శ్రీకూర్మం ఆలయంలో ప్రాకారమండపం గోడల పొడుగునా వైష్ణవ కథల చిత్రాలున్నాయి. చాలాచోట్ల రంగు వెలిసిపోయింది. బొమ్మలు కదలవు, కదిలేది ప్రదక్షిణం చేసే మనిషే. ఒక ఘట్టం దగ్గర ఆగాలా, వెనక్కి వెళ్ళి మళ్ళీ చూడాలా, పక్కవాణ్ణి "ఇదెవరు?" అని అడగాలా అన్నది అతని ఇష్టం. సినిమాహాలులో ఈ సంబంధం తారుమారైంది. బొమ్మ కదులుతుంది, మనిషి కూర్చుంటాడు. శరీరం కూర్చుంటే బుద్ధి కూడా చతికిలబడుతుందా? సినిమాను గురించిన తత్త్వచర్చలో అసలు ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

వెయ్యేళ్ళ కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు నాటకం చూసేవాణ్ణి గురించి ఆలోచించాడు. రంగస్థలం మీది దుఃఖం నటుడిదీ కాదు, నాదీ కాదు. అది అందరిదీ అవుతుంది. దీనినే సాధారణీకరణం అన్నారు. బ్రెష్ట్‌కు ఈ కరిగిపోవడమంటేనే అనుమానం. 1935లో మాస్కోలో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ ప్రదర్శన చూశాక, ప్రేక్షకుడు కొంత దూరంగా నిలబడి ప్రశ్నించాలనే వాదాన్ని ఆయన మరింత స్పష్టం చేశాడు. ఆ కాలంలోనే వాల్టర్ బెన్యమిన్ మరొక మాట చెప్పాడు: సినిమాహాలులోని జనం ఆనందిస్తూనే పరీక్షిస్తారు కూడా.

ఎవరి మాట నిజం? మన చరిత్రనే అడుగుదాం. 1939లో గూడవల్లి రామబ్రహ్మం "రైతుబిడ్డ" తీశాడు. బొబ్బిలి, వెంకటగిరి జమీందారులు దానిమీద కత్తికట్టారు. కూర్చున్న ప్రేక్షకుడు మందమతే అయితే వారికి అంత భయమెందుకు? విచిత్రమేమంటే, ఆ చిత్రం తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారే. అంటే పెట్టుబడి పెట్టినవాడొక్కడే చిత్రానికి అర్థం నిర్ణయించలేడు. శిస్తు కట్టి నలిగినవాడు తన బ్రతుకును తెచ్చి దానికి జోడిస్తాడు. అతను కథలో కరిగాడు, లెక్కా అడిగాడు. ఈ రెండూ పరస్పర శత్రువులు కావు.

ఈనాడు తెర అరచేతిలోకి వచ్చింది. ఆపే స్వేచ్ఛ ఉంది. కాని ప్రశ్న పుట్టేలోగా మరో బొమ్మ వస్తుంది, అడగడానికి పక్కన మనిషి లేడు. పోయినది ఏకాగ్రత ఒక్కటే కాదు, సాముదాయికత. కాబట్టి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు నా మనవి ఇది: సినిమాను కలిసి చూడండి, చూశాక వెంటనే లేచి పోకండి. చూడడమనే పనిలో సగం ఆ తర్వాత జరిగే చర్చలోనే ఉంది.