అమెరికాలో స్వలింగ వివాహం: రాష్ట్రానికో చట్టం, ప్రాంతానికో తీరు

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో స్వలింగ జంటల పెళ్లిని మొదట చట్టబద్ధం చేసిన రాష్ట్రం మసాచుసెట్స్. 2004 మే 17న అక్కడ లైసెన్సులు ఇవ్వడం మొదలైంది. కేంబ్రిడ్జ్ నగరంలో అర్ధరాత్రి దాటగానే కార్యాలయం తలుపులు తీశారు. ఆరు నెలలు తిరక్కుండానే, అదే ఏడాది నవంబరులో, మిసిసిపీ ఓటర్లలో 86 శాతం మంది అలాంటి పెళ్లి తమ రాష్ట్రంలో చెల్లకుండా రాజ్యాంగాన్ని సవరించుకున్నారు. ఒకే దేశంలో ఒకే ఏడాది కనిపించిన ఈ తేడాకు కారణాలు చాలా ఉన్నాయి: పెళ్లి చట్టం ఎవరి చేతిలో ఉంది, రాష్ట్ర రాజ్యాంగాన్ని మార్చడం ఎంత తేలిక, ఊళ్లో చర్చి ఏం బోధిస్తోంది, స్వలింగ జంటలు ఇరుగుపొరుగు మధ్య ఎంత బాహాటంగా బతకగలుగుతున్నారు.

పెళ్లి రాష్ట్రాల అధికారం

భారతదేశంలో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం పార్లమెంటు చేసినది. అందుకే 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వడానికి నిరాకరిస్తూ సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు దేశమంతటికీ ఒక్కసారే వర్తించింది. హైదరాబాదుకు చెందిన ఒక జంట కూడా ఆ కేసులో పిటిషనర్లు. అమెరికాలో పద్ధతి వేరు. ఎవరు ఎవరిని పెళ్లాడవచ్చు, ఏ వయసులో పెళ్లాడవచ్చు, లైసెన్సు ఎవరివ్వాలి అన్నవి ప్రతి రాష్ట్రమూ తన చట్టంతోనే తేల్చుకుంటుంది. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు ఇచ్చేది కౌంటీ (జిల్లాలాంటి విభాగం) గుమస్తా. ఆ రాష్ట్ర చట్టాలను ఎక్కువగా పరీక్షించేది ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఆ రాష్ట్ర రాజ్యాంగం ఆధారంగా. దీనివల్ల స్వలింగ వివాహ చరిత్ర అమెరికాలో యాభై రాష్ట్రాల చరిత్రగా సాగింది.

మొదట్లో ఏ ప్రాంతమూ దీన్ని ఆమోదించలేదు. 1970లో మిన్నియాపొలిస్‌లో జాక్ బేకర్, మైకేల్ మెక్‌కానెల్ పెళ్లి లైసెన్సు అడిగారు. గుమస్తా కాదన్నాడు. 1971లో మిన్నెసోటా సుప్రీంకోర్టు గుమస్తానే సమర్థించింది. 1972లో కేంద్ర సుప్రీంకోర్టు, ఇందులో తాము తేల్చాల్సిన ప్రశ్నే లేదంటూ అప్పీలును కొట్టేసింది. 1973లో మేరీలాండ్ చట్టసభ పెళ్లంటే ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య జరిగేదేనని చట్టంలో రాసింది. అలా రాసిన మొదటి రాష్ట్రం అదే. 1975లో కొలరాడోలోని బౌల్డర్ కౌంటీ గుమస్తా క్లేలా రోరెక్స్ ఆరు స్వలింగ జంటలకు లైసెన్సులు ఇచ్చింది. రాష్ట్ర అటార్నీ జనరల్ అవి చెల్లవనడంతో ఆ ప్రయత్నమూ ఆగిపోయింది.

హవాయి తీర్పు, దేశం బెదురు

1993లో హవాయి సుప్రీంకోర్టు, స్వలింగ జంటలకు లైసెన్సు నిరాకరించడం లింగ వివక్ష కిందికి రావచ్చనీ, నిరాకరణకు బలమైన కారణం ప్రభుత్వమే చూపాలనీ చెప్పి కేసును కింది కోర్టుకు పంపింది. హవాయిలో జరిగిన పెళ్లిని తామూ గుర్తించాల్సి వస్తుందేమోనని మిగతా రాష్ట్రాలు కలవరపడ్డాయి. 1996లో కాంగ్రెస్ ‘వివాహ రక్షణ చట్టం’ చేసింది, అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకం పెట్టాడు. ఒక రాష్ట్రంలో జరిగిన స్వలింగ వివాహాన్ని మరో రాష్ట్రం గుర్తించనక్కర్లేదు, కేంద్ర ప్రభుత్వం అసలే గుర్తించదు అన్నది దాని సారం. ఆ ఏడాది గాలప్ సర్వేలో దేశం మొత్తం మీద స్వలింగ వివాహాన్ని సమర్థించినవాళ్లు 27 శాతమే. 1998లో హవాయి ఓటర్లు, పెళ్లిని స్త్రీపురుష జంటలకే పరిమితం చేసే అధికారాన్ని తమ చట్టసభకు కట్టబెట్టారు. అదే రోజు అలాస్కా ఓటర్లు నిషేధాన్ని నేరుగా రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

న్యూ ఇంగ్లండ్

ఈశాన్య మూలనున్న ఆరు చిన్న రాష్ట్రాలను కలిపి న్యూ ఇంగ్లండ్ అంటారు. మార్పు అక్కడ వేళ్లూనుకుంది. 1999 డిసెంబరులో వెర్మాంట్ సుప్రీంకోర్టు, పెళ్లితో వచ్చే హక్కులన్నీ స్వలింగ జంటలకూ ఇవ్వాలని చెప్పింది. ఏ పేరుతో ఇవ్వాలో చట్టసభ నిర్ణయానికే వదిలింది. 2000లో ‘సివిల్ యూనియన్’ చట్టం వచ్చింది. ఆ రాష్ట్రంలోనూ వ్యతిరేకత గట్టిగానే ఉంది. వెర్మాంట్‌ను తిరిగి మన చేతుల్లోకి తెచ్చుకుందాం అన్న బోర్డులు ఊరూరా వెలిశాయి. చట్టానికి ఓటేసిన సభ్యులు కొందరు ఆ ఏటి ఎన్నికల్లో ఓడిపోయారు. చట్టం మాత్రం నిలబడింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2009 ఏప్రిల్‌లో, అదే రాష్ట్ర చట్టసభ గవర్నర్ వీటోను తోసిపుచ్చి పూర్తి వివాహ హక్కు ఇచ్చింది. కోర్టు ఆదేశం లేకుండా చట్టసభ తానుగా ఆ హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం వెర్మాంటే.

మసాచుసెట్స్‌లో 2003 నవంబరు 18న రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నలుగురు, ముగ్గురుగా చీలి తీర్పిచ్చింది. తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి మార్గరెట్ మార్షల్. ఆ తీర్పును రాజ్యాంగ సవరణతో రద్దు చేయాలన్న ప్రయత్నాలు మూడేళ్లకు పైగా సాగాయి. అయితే ఆ రాష్ట్రంలో సవరణ ప్రతిపాదనను వరసగా రెండు చట్టసభలు ఆమోదించాకే ప్రజల ఓటుకు పెట్టాలి. ఈ వ్యవధిలో వేల జంటలు పెళ్లి చేసుకుని, ఇళ్లు కొనుక్కుని, పిల్లల్ని బడికి పంపుతూ అందరి మధ్యే మామూలుగా బతికారు. తమ ఓటర్లలో ఉన్న ఆ జంటలను స్వయంగా కలిసిన తర్వాత మనసు మార్చుకున్న సభ్యులూ ఉన్నారు. 2007 జూన్‌లో 200 మంది సభ్యుల్లో కనీసం 50 మంది మద్దతు కావాల్సి ఉండగా సవరణకు 45 ఓట్లే పడ్డాయి.

మతం పాత్ర కూడా ఇక్కడ చెప్పుకోవాలి. న్యూ ఇంగ్లండ్‌లో క్రమం తప్పక చర్చికి వెళ్లేవారి సంఖ్య దేశంలోకెల్లా తక్కువ. పాత ప్యూరిటన్ చర్చిల వారసత్వమున్న యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ 2005లో స్వలింగ వివాహాన్ని సమర్థిస్తూ తీర్మానం చేసింది. ఎపిస్కోపల్ చర్చి 2003లో న్యూ హాంప్‌షైర్‌కు జీన్ రాబిన్సన్‌ను బిషప్‌గా అభిషేకించింది. ఆయన తన సహచరుడితో బాహాటంగా జీవించిన వ్యక్తి. ఈ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో ఉన్న క్యాథలిక్కుల విషయంలో బిషప్పులు గట్టిగా వ్యతిరేకించినా విశ్వాసుల్లో చాలామంది వారి బాట పట్టలేదు. అయినా ఇక్కడా దారి సాఫీగా లేదు. మెయిన్ చట్టసభ 2009లో ఇచ్చిన హక్కును అదే ఏడాది నవంబరులో ఓటర్లు రద్దు చేశారు. 2012లో ఆ ఓటర్లే తిరిగి ఇచ్చారు. 2013లో రోడ్ ఐలండ్ చేరడంతో ఆరు రాష్ట్రాలూ పూర్తయ్యాయి.

దక్షిణాది

మసాచుసెట్స్ తీర్పుకు దక్షిణాది స్పందన వేగంగా వచ్చింది. 2004లో దేశం మొత్తం మీద 13 రాష్ట్రాలు నిషేధ సవరణలు చేసుకున్నాయి. 2012 మేలో నార్త్ కరొలినా 61 శాతం ఓట్లతో సవరణ ఆమోదించేసరికి, అంతర్యుద్ధకాలంలో విడిపోయిన 11 దక్షిణాది రాష్ట్రాల రాజ్యాంగాలన్నిటిలోనూ నిషేధం చేరింది. అలబామా, టెనెసీల్లో ఆ సవరణలకు 80 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి.

దక్షిణాదిలో చర్చి ఆదివారపు ప్రార్థనకే పరిమితం కాదు. స్నేహాలు, సాయాలు, చాలాచోట్ల రాజకీయాలు కూడా దాని చుట్టూనే అల్లుకుని ఉంటాయి. దేశంలో అతి పెద్ద ప్రొటెస్టెంట్ శాఖ అయిన సదరన్ బాప్టిస్టులకు బలం ఇక్కడే. ఆ శాఖ స్వలింగ వివాహాన్ని బైబిలుకు విరుద్ధంగా భావిస్తుంది. నల్లజాతి చర్చిల్లోనూ అప్పట్లో వ్యతిరేకతే ఎక్కువ. ఇలాంటి ఊళ్లో స్వలింగ జంట తమ బంధాన్ని బయటపెట్టడమంటే ఉద్యోగం, బంధువులు, చర్చి అన్నిటినీ పణంగా పెట్టడం. అందువల్ల చాలామంది దాచుకున్నారు, లేదా పెద్ద నగరాలకు వెళ్లిపోయారు. ఎదుట కనిపించని జంటల గురించి ఊరి అభిప్రాయం మారే అవకాశమూ తగ్గింది.

పెళ్లి మీద చట్టపు ఆంక్షలకు ఈ ప్రాంతంలో పాత చరిత్ర ఉంది. నల్లవారికీ తెల్లవారికీ మధ్య పెళ్లిళ్లను నిషేధించే చట్టాలను 1967లో సుప్రీంకోర్టు కొట్టేసే నాటికి అవి 16 రాష్ట్రాల్లో మిగిలి ఉన్నాయి. అవన్నీ దక్షిణాదివీ, దాని సరిహద్దు రాష్ట్రాలవీ.

అయితే దక్షిణాది అంతా ఒకే మాట మీద లేదు. నార్త్ కరొలినా ఓటింగులో రాలీ, డర్హమ్, షార్లెట్ నగరాలున్న కౌంటీలూ, చాపెల్ హిల్ విశ్వవిద్యాలయం ఉన్న కౌంటీ కూడా సవరణను తిరస్కరించాయి. పల్లె కౌంటీలు భారీగా ఆమోదించాయి.

నడిమి రాష్ట్రాలు, పడమర

పొలాల రాష్ట్రమైన అయోవాలో 2009 ఏప్రిల్ 3న రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా స్వలింగ వివాహానికి అనుకూలంగా తీర్పిచ్చింది. ఓటర్లకు కోపం వచ్చింది. 2010లో ఆ తీర్పిచ్చినవారిలో ముగ్గురు న్యాయమూర్తులను, ప్రధాన న్యాయమూర్తి మార్షా టర్నస్‌తో సహా, పదవి నుంచి దించేశారు. కానీ అయోవాలో కూడా రాజ్యాంగ సవరణకు వరసగా రెండు చట్టసభల ఆమోదం కావాలి. ఆ గడప దాటలేకపోవడంతో తీర్పు నిలిచింది. మిన్నెసోటాలో 2012లో ఓటర్లు నిషేధ సవరణను తిరస్కరించారు. మరుసటి ఏడాదే చట్టసభ వివాహ హక్కు ఇచ్చింది.

ఉదారవాదానికి పేరుపడ్డ కాలిఫోర్నియా కథ దీనికి తలకిందులు. అక్కడ తగినన్ని సంతకాలు సేకరిస్తే రాజ్యాంగ సవరణను నేరుగా ఓటుకు పెట్టవచ్చు. 2008 మేలో రాష్ట్ర సుప్రీంకోర్టు హక్కు ఇచ్చింది. నవంబరులో ‘ప్రతిపాదన 8’ ద్వారా 52 శాతం ఓటర్లు దాన్ని లాగేసుకున్నారు. ఈలోగా సుమారు 18,000 జంటలు పెళ్లాడాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో నాలుగింట మూడొంతుల మంది వ్యతిరేకంగా ఓటేస్తే, సెంట్రల్ వ్యాలీలోని కెర్న్ కౌంటీలో దాదాపు అంతమందే అనుకూలంగా ఓటేశారు. ఒకే రాష్ట్రంలో తీరానికీ లోతట్టు ప్రాంతానికీ మధ్య ఉన్న దూరం ఇది. అయోవా, కాలిఫోర్నియాలను పక్కపక్కన పెట్టి చూస్తే, అక్కడి ప్రజల అభిప్రాయంతో పాటు సవరణ పద్ధతి కూడా ఫలితాన్ని శాసించిందని స్పష్టమవుతుంది.

సరిహద్దు దాటితే చెల్లని పెళ్లి

ఈ తేడాల భారమంతా జంటల మీద పడింది. న్యూయార్క్‌లో పెళ్లాడిన ఒక సైనికుడు ఉద్యోగరీత్యా టెనెసీకి మారితే, ఆ రాష్ట్రం లెక్కలో అతను అవివాహితుడే. మిషిగన్‌లో ఇద్దరు నర్సులు కలిసి పెంచుకుంటున్న పిల్లలకు చట్టం దృష్టిలో ఇద్దరిలో ఒకరే తల్లి. ఒహాయోకు చెందిన జాన్ ఆర్థర్ నరాల జబ్బుతో మరణానికి చేరువై ఉండగా, 2013 జులైలో సహచరుడు జిమ్ ఓబెర్గెఫెల్ ఆయన్ను విమానంలో మేరీలాండ్‌కు తీసుకెళ్లాడు. అక్కడి విమానాశ్రయంలో, విమానం దిగకుండానే పెళ్లి చేసుకున్నారు. ఆర్థర్ మరణ ధ్రువపత్రంలో భర్తగా ఓబెర్గెఫెల్ పేరు రాయడానికి సొంత రాష్ట్రం ఒప్పుకోలేదు.

2013 జూన్ 26న సుప్రీంకోర్టు ఈడిత్ విండ్సర్ కేసులో 1996 చట్టంలోని కేంద్ర గుర్తింపు నిషేధాన్ని కొట్టేసింది. జీవిత భాగస్వామి ఆస్తిపై ఆమె 3,63,053 డాలర్ల పన్ను కట్టాల్సి వచ్చింది. భర్త చనిపోయిన భార్యకైతే ఆ పన్ను ఉండేదే కాదు. 2015 జూన్ 26న ఓబెర్గెఫెల్ కేసులో న్యాయమూర్తి ఆంథొనీ కెనడీ రాసిన 5-4 తీర్పుతో హక్కు అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. అప్పటికి 37 రాష్ట్రాల్లో స్వలింగ వివాహాలు చెల్లుతున్నాయి. మిగిలినవాటిలో ఎక్కువ దక్షిణాదివే. తీర్పు తర్వాతా ప్రతిఘటన అక్కడే కనిపించింది. కెంటకీలోని రోవన్ కౌంటీ గుమస్తా కిమ్ డేవిస్ లైసెన్సులు ఇవ్వననడంతో ఐదు రోజులు జైల్లో ఉంది. అలబామా 2019లో లైసెన్సు విధానాన్నే తీసేసి, జంటలు ప్రమాణపత్రం దాఖలు చేసే పద్ధతి తెచ్చింది.

నేటి పరిస్థితి

గాలప్ లెక్కల్లో దేశవ్యాప్త ఆమోదం 2011లో మొదటిసారి సగం దాటింది, 2023 నాటికి 71 శాతానికి చేరింది. ఆమోదం అన్ని ప్రాంతాల్లోనూ పెరిగినా, న్యూ ఇంగ్లండ్‌తో పోలిస్తే దక్షిణాది ఇంకా బాగా వెనకే ఉంది. యూటాది మరో తీరు. ఆ రాష్ట్రంలో బలంగా ఉన్న, ‘ప్రతిపాదన 8’కు అండగా నిలిచిన మార్మన్ చర్చి, మత స్వేచ్ఛకు రక్షణలు చేర్చిన తర్వాత 2022 నాటి వివాహ గౌరవ చట్టాన్ని సమర్థించింది. చట్టంగా స్వలింగ వివాహాన్ని అంగీకరిస్తూనే తన సిద్ధాంతాన్ని మార్చుకోలేదు.

2022 జూన్‌లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును రద్దు చేయడంతో వివాహ హక్కుకూ అదే గతి పట్టవచ్చన్న భయం ఆ చట్టానికి దారితీసింది. వేరే రాష్ట్రంలో జరిగిన పెళ్లిని ప్రతి రాష్ట్రమూ గుర్తించాలని అది చెబుతుంది. సొంతంగా లైసెన్సులు ఇచ్చి తీరాలని మాత్రం చెప్పదు. నెవాడా 2020లోనూ, కాలిఫోర్నియా, కొలరాడో, హవాయి 2024లోనూ ప్రజల ఓటుతో పాత నిషేధ వాక్యాలను తొలగించాయి. ఇరవైకి పైగా రాష్ట్రాల రాజ్యాంగాల్లో అవి అమలులో లేకపోయినా ఇంకా అలాగే ఉన్నాయి. ఇలాంటి వాక్యాలు తొందరగా పోవు: 1967లోనే చెల్లకుండాపోయిన జాతుల మధ్య పెళ్లిళ్ల నిషేధాన్ని అలబామా తన రాజ్యాంగం నుంచి తీసింది 2000లో. అప్పుడూ సుమారు 40 శాతం మంది దాన్ని ఉంచాలనే ఓటేశారు. 2015 తీర్పు రద్దయిన రోజున ఆ స్వలింగ వివాహ నిషేధ వాక్యాలకు తిరిగి ప్రాణం వస్తుంది. అందుకే ఆ రాష్ట్రాల ప్రజలు వాటిని తమ ఓటుతోనే తొలగించుకునేదాకా ఈ హక్కు అమెరికా అంతటా స్థిరపడిందని చెప్పడానికి వీల్లేదు.